సరిగ్గా గంట తప్పిన గడియారం

"ఏమండీ, ఈ గడియారం బాగుచేసింది మీరేనా?"

గుమ్మం దగ్గరే మొదలుపెట్టాడు. కొట్టులోకి ఇంకా రెండో కాలు పెట్టనేలేదు. పసిపిల్లను చంకనెత్తుకున్నట్టు ఒక గోడగడియారాన్ని పట్టుకుని ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెడలో ఆఫీసు కార్డు. ముఖం మాత్రం పొయ్యి మీద మరచిపోయిన పాలగిన్నెలా మాడి ఉంది.

గడియారాల బల్ల ముందు కూర్చున్న ఆమె కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే తలెత్తింది. ఒక కన్ను మామూలుగా, రెండో కన్ను గుడ్లగూబ కన్నంత కనిపించేసరికి అతను పెట్టిన కాలు కూడా వెనక్కి తీసుకున్నాడు.

"నేనే. ఏం, నడవట్లేదా?"

"నడుస్తోంది, దర్జాగా నడుస్తోంది. గంట ఆలస్యంగా నడుస్తోంది! మీరు నూనె వేసి పంపి నాలుగు రోజులు కాలేదు."

"మా చేతి మీదుగా వెళ్లిన గడియారం గంట తప్పుతుందా? ఇంకెవరి గడియారమో తెచ్చుంటారు, చూసుకోండి."

"ఎదురు మేడ, మూడో అంతస్తు. మా గోడ మీదదే."

ఎదురు మేడ మూడో అంతస్తు అంటే ఆమెకు తెలుసు. ఇక్కడి జనానికి విదేశీ షేర్లు కొనిపెట్టి, అమ్మిపెట్టే ఆఫీసు అది. ఆ ఆఫీసు మేనేజరుకి కీ ఇచ్చి తిప్పే పాతకాలపు గడియారాలంటే మోజు. నాలుగు దేశాల మార్కెట్లకు నాలుగు గడియారాలు వరసగా గోడకి తగిలించాడు. కింద రాసున్న ఊళ్ల పేర్లు ఆమెకు నోరు తిరగవు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఈ బల్ల ముందు కూర్చున్న పిల్ల. అందుకే తన లెక్కలో వాటికి తనే పేర్లు పెట్టుకుంది: వేకువ గడియారం, భోజనం గడియారం, మధ్యాహ్నం గడియారం, చీకటి గడియారం. మన టైములో ఏ వేళకు ఆ మార్కెట్ తెరుస్తారో ఆ వేళ పేరు. భోజనం గడియారానికి ఆ పేరెందుకు వచ్చిందో తర్వాత చెప్పుకుందాం.

ఇప్పుడు అతని చంకలో ఉన్నది మధ్యాహ్నం గడియారం.

"అక్కడి టైము తొమ్మిదికి మార్కెట్ తెరుస్తారు. మీ గడియారం తొమ్మిది చూపించిందని తీరిగ్గా కుర్చీలో కూర్చున్నాను. అప్పటికి అక్కడ పదయిపోయింది! తెరిచీ తెరవగానే కొనమన్న కస్టమరు నన్ను ఫోనులో తిట్టిన తిట్లు మీ కొట్టుదాకా వినపడే ఉంటాయి."

"వినపడలేదు. ఇక్కడ అరవై గడియారాలు కొట్టుకుంటాయి."

ఆమె గడియారాన్ని అతని చంకలోంచి లాక్కుని, కొట్టులో నిలువెత్తు పెద్దగడియారం పక్కన నిలబెట్టింది. ఒకసారి దీన్ని చూసింది, ఒకసారి దాన్ని చూసింది. మళ్లీ చూసింది. ఒకటికి మూడుసార్లు చూడనిదే ఆమెకు మనసు కుదురుకోదు. రాత్రి కొట్టు తాళం కూడా అంతే, మూడుసార్లు లాగి చూస్తుంది.

"ఇటు రండి. నిమిషాల ముల్లు చూడండి. మా పెద్దదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా ఉందా?"

"నిమిషాలు సరే, గంట సంగతి..."

"అదే చెప్తున్నా. పాడైన గడియారం పదమూడు నిమిషాలు తప్పుతుంది. నలభై ఏడు నిమిషాలు తప్పుతుంది. సరిగ్గా గంట తప్పదు. సరిగ్గా గంట తప్పిందంటే ఎవరో కావాలని జరిపారన్నమాటే."

"నేను ముట్టుకోలేదు!"

"అయితే అవతలివాళ్లు జరిపారు."

"అవతల ఎవరున్నారు?"

"ఆ దేశంవాళ్లు."

అతను పకపకా నవ్వాడు. "బాగుంది! మీ తప్పు కప్పుకోవడానికి దేశం దేశాన్నే పక్కకి జరిపేస్తారన్నమాట!" అంటూనే ఫోను తీసి ఏదో వెతికాడు. నవ్వు మొహాన ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది, లోపలి గాలి మాత్రం పోయింది.

"ఏమైంది?"

"పగలు పెరిగే కాలమని... మొన్న ఆదివారం... దేశమంతా గడియారాలు గంట ముందుకి తిప్పుకున్నారట. చలికాలానికి మళ్లీ వెనక్కి తిప్పుతారట."

కొట్టు వెనకాల చాప మీద నడుం వాల్చిన తాతయ్య కిసుక్కున నవ్వాడు. "లోలకం! ఆ అబ్బాయికి ఓ గ్లాసు మంచినీళ్లివ్వవే. దేశాన్ని మోసుకొచ్చి అలిసిపోయుంటాడు."

చిన్నప్పుడు తలుపు పట్టుకుని అటూ ఇటూ ఊగేదట, అందుకని తాతయ్య ఆమెను లోలకం అనే పిలుస్తాడు. ఆ పేరు కొత్తవాళ్ల ముందు పిలిచినప్పుడల్లా ఆమె చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి. అతను అది చూశాడు. చూడనట్టు మంచినీళ్లు తాగాడు.

"నేను పదిరోజుల కిందటే ఈ సెక్షన్‌కి వచ్చానండి. అంతకుముందు ఇక్కడి షేర్లే చూసేవాణ్ణి. సారీ."

"నాకెందుకు? మీరు తిట్టింది గడియారాన్ని. దానికే చెప్పండి."

ఆమె ఏదో మాటవరసకంది. అతను నిజంగానే వంగి, గడియారం అద్దంలో తన ముఖం చూసుకుంటూ, "సారీ అండి, పొరపాటైంది," అన్నాడు. ఆమె భూతద్దం చటుక్కున కంటి మీంచి తీసేసింది. లేకపోతే కంట్లో నవ్వు ఎంత పెద్దదో బయటపడిపోయేది.

అతను వెళ్లాక తాతయ్య అన్నాడు, "గంటబాబు మంచివాడిలాగే ఉన్నాడు."

"గంటబాబెవరు?"

"గంట కోసం దెబ్బలాటకొచ్చినవాడు."

*

గంటబాబు మర్నాడూ వచ్చాడు. చేతి గడియారానికి పట్టీ బిగించాలన్నాడు. ఆ మర్నాడు పట్టీ వదులు చేయాలన్నాడు. మూడోరోజు సాకు దొరక్క రెండు కప్పుల టీ పట్టుకొచ్చి, "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అన్నాడండీ," అన్నాడు. ఆ టీకొట్టతను పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చుక్క ఫ్రీగా పోయలేదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

అలా మాటల్లో మాటగా ఒకరోజు ఆమె తన గుండెల మీద కుంపటి సంగతి చెప్పింది.

కొట్టు గది తమది కాదు. నలభై ఏళ్లుగా అద్దె. ఇప్పుడు గది యజమాని అమ్మేస్తానంటున్నాడు. చెప్పుల షాపతను కొంటానని వెంటపడుతున్నాడు. యజమానికి తాతయ్య మీద గౌరవం ఉంది కనక, "మీరే కొనుక్కోండి, వచ్చే నెల మొదటి శుక్రవారం సాయంత్రం అయిదు గంటల దాకా ఆగుతానండీ, ఆపైన నన్ను ఏమీ అనుకోకండి," అన్నాడు. అయిదు దాటితే ఈ అరవై గడియారాలూ వీధిన పడతాయి. బల్ల ముందు తప్ప ఇంకెక్కడా కూర్చోవడం తెలియని తాతయ్య ఏమవుతాడో తల్చుకుంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

"మరి డబ్బు?"

"తాతయ్య దగ్గర షేర్లున్నాయి. మీ ఆఫీసులోనే కొన్నాడట, ముప్పై ఏళ్ల కిందట. స్ప్రింగులు చేసే కంపెనీ. అదిగో, మీ మూడో అంతస్తు గోడ మీద రెండో గడియారం, ఆ దేశంది."

"షేర్లుంటే ఇంకేం, అమ్మేద్దాం!"

"ఆయన ఒప్పుకోవాలిగా!"

తాతయ్య బల్ల సొరుగులోంచి చిన్న రేకుడబ్బా తీసి మూత తెరిచాడు. లోపల ఉంగరాల్లా చుట్టుకున్న ఉక్కు స్ప్రింగులు. "చూడు నాయనా. ఇంత పనితనం ఉన్నవాళ్ల కంపెనీలో నాకూ ఓ పిసరు వాటా ఉండాలనిపించి కొన్నాను. అమ్మనని కాదు. ఎలాగూ తప్పదు. కానీ ఆఖరి రోజుదాకా నాతో ఉండనీ. ఏ రోజు అమ్మితే వేళకి డబ్బొస్తుందో ఆ ఆఖరి రోజు చెప్పు. ఆ రోజు సంతకం పెడతాను. ఒక్కరోజు ముందు కూడా పెట్టను."

"అలాగేనండి. ఆ మార్కెట్ మన టైము పొద్దున్న అయిదున్నరకు తెరుస్తారు. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మూసేస్తారు. మళ్లీ తెరిచి పదకొండున్నరకు కట్టేస్తారు."

"మధ్యలో మూయడమెందుకు?"

"భోజనానికండి. అక్కడ అప్పటికి మధ్యాహ్నం కదా."

తాతయ్య ముఖం వెలిగిపోయింది. "విన్నావుటే లోలకం! మార్కెట్ మూసి అన్నం తినే దేశం! అందుకే వాళ్ల స్ప్రింగులు అంత కుదురుగా ఉంటాయి. నువ్వూ ఉన్నావు, ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో స్క్రూడ్రైవరూ!"

"ఆ గడియారానికి భోజనం గడియారం అని నేనెప్పుడో పేరు పెట్టా," అందామె. "ఒకసారి నూనె వేయడానికి వచ్చినప్పుడు మీ పాత డీలరు ఆ గడియారం చూపించి, 'వాళ్లు భోంచేస్తున్నారమ్మా, ఈ గంట నాకూ పనిలేదు,' అన్నాడు."

గంటబాబు వేళ్లు మడిచి లెక్కేశాడు. "అమ్మిన రోజు కాక ఇంకో రెండు పనిరోజులకి డబ్బు చేతికొస్తుంది. వచ్చే నెల మొదటి శుక్రవారానికి కావాలి. ఆ వారం సోమ, మంగళ అక్కడ సెలవు. కాబట్టి బుధవారం అమ్మితే గురు, శుక్ర. సరిపోయింది. బుధవారమే ఆఖరి రోజు తాతగారూ."

"ఖాయమేనా?" అందామె.

"సెలవుల లిస్టు నేనే టైపు చేశానండి!"

"టైపు చేసింది మీరైతే ఇంకో రెండుసార్లు చూడాలి."

"నమ్మకం లేదా?"

"గడియారం మీద కేకలేసిన మనిషి మీరు."

అతను రోషంగా వెళ్లి మధ్యాహ్నానికల్లా ఆ ఏడాది లిస్టే కాకుండా, పాత ఫైల్లోంచి గడిచిన అయిదేళ్ల లిస్టులు కూడా తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఇవిగో. రెండుసార్లు కాదు, ఆరుసార్లు చూసుకోండి."

*

ఆమె నిజంగానే చూసింది.

చదవడం కష్టం. అక్షరాలన్నీ ఇంగ్లీషు. కానీ తారీకులు అంకెలే కదా, అంకెలు ఆమె చెప్పిన మాట వింటాయి. ఒక పాత అట్టపెట్టె కోసి పళ్లెమంత గుండ్రం చేసింది. దాని మీద ఇంకో చిన్న గుండ్రం, మధ్యలో గడియారం ఇరుసు. పెద్దదాని మీద మన గంటలు, చిన్నదాని మీద వాళ్ల గంటలు. అంచు చుట్టూ ఏడాదిలో వారాలు. మార్కెట్ తెరిచి ఉండే వేళకు పసుపు, భోజనాల వేళకు తెలుపు, సెలవులకు ఎర్రటి గోళ్ల రంగు. చిన్న అట్ట తిప్పితే చాలు, ఇక్కడ ఎన్నింటికి అక్కడ తలుపు తీసుందో మూసుందో ఇట్టే తెలిసిపోతుంది.

శుక్రవారం పొద్దున్న ఆ ఏడాది సెలవులకు ఎర్రచుక్కలు పెట్టడానికి కూర్చుంది. ఆ శుక్రవారం కాక వచ్చే శుక్రవారమే గడువు. తాతయ్య ఊరి గడియార స్తంభం ఎక్కాడు. ప్రతి నెలా ఆఖరి శుక్రవారం పైన పెద్ద గడియారానికి నూనె వేయడం ఆయన పని. ఫోను తీసుకెళ్లడు, 'పైన ఫోను మోగితే కాలు జారుతుంది,' అని కొట్లోనే పెట్టి పోతాడు.

ఆదివారం ఒక సెలవు. చుక్క. సోమవారం, చుక్క. మంగళవారం, చుక్క.

చెయ్యి ఆగింది.

ఆదివారం ఎలాగూ మార్కెట్ ఉండదు. ఆదివారంలో పడ్డ ఆ సెలవు వృథాగా పోయినట్టేనా? పాత లిస్టులు లాగింది. మూడేళ్ల కిందట ఒక సెలవు ఆదివారం పడింది. ఆ సోమవారం కూడా మూసే ఉంది. నాలుగేళ్ల కిందటా అంతే. అయిదేళ్ల కిందటా అంతే. చక్రం పన్ను విరిగిన చోట గొలుసు పక్క పన్నుకి పట్టుకున్నట్టు, ఆదివారం మింగేసిన సెలవు పక్కరోజుకి జరుగుతోంది.

మరి ఈసారి పక్కరోజు సోమవారం ముందే సెలవు. మంగళవారమూ సెలవే. అప్పుడు జరిగి జరిగి ఎక్కడ పడుతుంది?

బుధవారం.

బుధవారం మార్కెట్టే ఉండదు. గురువారం అమ్మితే డబ్బు ఆ పై సోమవారానికి. గది పోయినట్టే. అమ్మితే గిమ్మితే ఈరోజే అమ్మాలి, అప్పుడే గురు, శుక్ర రెండు పనిరోజులూ కలిసొస్తాయి. అట్ట తిప్పి చూసింది. పసుపు రంగు పదకొండున్నరకి అయిపోతోంది. పెద్దగడియారం పది దాటి పది నిమిషాలు.

కొట్టుకి తాళం వేసి, ఆ రోజు ఒక్కసారే లాగి, అట్ట చక్రం పట్టుకుని రోడ్డు దాటి మూడంతస్తులూ ఎక్కింది.

"బుధవారం సెలవు!"

గంటబాబు చేతిలో టీ కప్పు ఒలికింది. "ఏ బుధవారం?"

"ఆదివారం సెలవు బుధవారానికి జరిగింది. మీ లిస్టులో లేదు. చూడండి, అసలు ఆ మార్కెట్ వాళ్ల సొంత క్యాలెండర్‌లో చూడండి."

కంప్యూటర్‌లో తెరిచాడు. బుధవారం గడి ఎర్రగా, కోపంగా చూస్తోంది.

"నేను... నేను సెలవుల చట్టం చూసి తారీకులు టైపు చేశాను. మార్కెట్ క్యాలెండర్ చూడలేదు. నా బుద్ధి..."

"బుద్ధిని తర్వాత తిట్టుకుందురుగాని. ఇప్పుడేం చేయాలి?"

"తాతగారిది పాత ఖాతా. కాగితం మీద ఆయన సంతకం ఉంటే తప్ప అమ్మలేను. ఆయనెక్కడ?"

ఆమె కిటికీలోంచి చూపించింది. నాలుగు వీధుల అవతల, మబ్బు పట్టిన ఆకాశంలో, గడియార స్తంభం.

*

బైకెక్కగానే వాన మొదలైంది. చినుకు కాదు, ఎవరో పై అంతస్తులోంచి బిందెలు బోర్లించినట్టు. సంతకం కావలసిన అమ్మకం ఫారాన్ని ఆమె ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చున్నీ కింద గుండెకి అదుముకుంది.

"గట్టిగా పట్టుకోండి!"

"ఫారం గట్టిగానే పట్టుకున్నా!"

"ఫారం కాదండీ, నన్ను!"

"మీరు తడిసినా ఎండుతారు. ఇది తడిస్తే ఎండదు!"

అయినా మలుపు దగ్గర ఒక చెయ్యి అతని భుజం మీద పడింది. మలుపు దాటాక కూడా అక్కడే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

నూట పద్దెనిమిది మెట్లు. ఆమె లేడిలా ఎక్కింది. అతను అరవయ్యో మెట్టు దగ్గర, "నా పేరు చెప్పుకుని మీరు ముందెళ్లండి," అన్నాడు. "సంతకానికి కలం మీ జేబులో ఉంది, నడవండి!" అందామె.

పైన తాతయ్య మేకు తీసేసి, మనిషంత పొడుగున్న లోలకం కడ్డీని రెండు చేతులా ఆపి పట్టుకుని ఉన్నాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు.

"ఏమిటే ఇద్దరూ కాకుల్లా తడిసి?"

విషయం విని ఆయన నిదానంగా, "చెయ్యి వదిలితే కడ్డీ జారి అడుగున ఉన్న చక్రం విరుగుతుంది. ఎవరైనా పట్టుకోండి," అన్నాడు.

గంటబాబు ముందుకొచ్చి కడ్డీని కావలించుకున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా క్షణంలో బొగ్గుల బస్తా అయింది.

తాతయ్య గుడ్డతో చేతులు తుడుచుకుని కలం అందుకున్నాడు. అందుకున్నాడే కానీ సంతకం పెట్టలేదు. ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు. "ముప్పై ఏళ్లే..."

ఆమెకు తొందరపెట్టాలని ఉంది, పెట్టలేదు. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"తాతయ్యా. వాళ్ల స్ప్రింగులు నీ డబ్బాలో ఉన్నాయి. డబ్బా బల్ల సొరుగులో ఉంది. బల్ల ఉండాలంటే గది ఉండాలి కదా."

"ఉండాలి," అన్నాడాయన. సంతకం పెట్టాడు, ముత్యంలా. "నాయనా గంటబాబూ, కడ్డీ బరువుగా ఉందా?"

"లేదండి," అన్నాడతను, పళ్లు బిగబట్టి.

"బరువైనవి వదలకుండా పట్టుకోవడం వచ్చిందన్నమాట. మంచిది. ఇక ఇవ్వు, పరిగెత్తండి."

ఆఫీసుకి చేరేసరికి భోజనం గడియారంలో మూడు కావడానికి ఏడు నిమిషాలు. వాళ్ల మూడంటే మన పదకొండున్నర. నల్లటి వేళ్లతో అతను కీబోర్డు మీద పడ్డాడు. మేనేజరు కేబిన్‌లోంచి తొంగిచూసి, "ఎవరయ్యా ఈ మెకానిక్కు?" అన్నాడు.

"నేనే సార్!"

ఆర్డరు వెళ్లింది. తెర మీద 'పెండింగ్' అని ఒకే మాట. ఆమెకు ఆ మాట చదవడం వచ్చు, కరెంటాఫీసులో చాలాసార్లు చూసింది. అయిదు నిమిషాలు. భోజనం గడియారం టిక్కుటిక్కుమంటోంది. తను నూనె వేసిన గడియారమే, దాని మీద ఇంత కోపం ఎన్నడూ రాలేదు. నాలుగు నిమిషాలు.

తెర ఆకుపచ్చగా మారింది.

"అమ్ముడైపోయింది," అన్నాడతను. తర్వాత గట్టిగా, "అమ్ముడైపోయిందండీ!"

ఆమె అట్ట చక్రాన్ని గాల్లోకి ఎగరేసింది. అది వెళ్లి సరిగ్గా మేనేజరు చేతుల్లో పడింది. ఆయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పసుపు చూశాడు, తెలుపు చూశాడు, ఎర్రచుక్క మీద వేలు పెట్టాడు.

"ఇదెవరు చేశారు?"

"నేనేనండి. అట్టపెట్టెతో..." అంది బెదురుగా. "తప్పులుంటే..."

"తప్పులా? కంప్యూటర్లు పెట్టుకుని మావాళ్లు పసిగట్టలేనిది నీ అట్టముక్క పట్టేసిందమ్మా! మా ఎనిమిది బ్రాంచీలకీ ఎనిమిది కావాలి. ఏటేటా కొత్తవి. రేకుతో చేయగలవా?"

"చేయగలను," అంది. మామూలుగా అయితే తాతయ్యనడిగి చెప్తానని అనేది.

*

గడువు శుక్రవారం మధ్యాహ్నం గంటబాబు ఫోను చేశాడు. "డబ్బొచ్చిందండి," అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. నాలుగున్నరకి కాగితాలయ్యాయి. గడియార స్తంభం అయిదు కొడుతుంటే తాతయ్య తన సొంత గదిలో, తన సొంత గోడకి, తన చేత్తో ఒక మేకు కొట్టాడు. దానికి తగిలించడానికి ఏమీ లేదు. ఊరికే, సొంత గోడ కదా అని కొట్టాడు.

అంతా బాగుంది. కానీ గంటబాబు రావడం లేదు.

శనివారం రాలేదు. సోమవారం రాలేదు. టీకొట్టు వైపు చూస్తే ఒక్క కప్పుతో వెళ్లిపోతున్నాడు. బుధవారానికి ఆమె ఓపిక చచ్చింది.

"పనైపోయింది కదా, ఇక మనమెందుకు," అంది స్క్రూ బిగిస్తూ. అంత బిగించకూడని స్క్రూ అది.

"పని కాకుండా పోయేదని సిగ్గుపడుతున్నాడేమో," అన్నాడు తాతయ్య. "తన తప్పుతో నీ కొట్టు పోయేది. ఏ మొహం పెట్టుకుని వస్తాడు?"

"ఉన్న మొహమే. ఇంకోటి ఎక్కడ తెస్తాడు!"

గురువారం పన్నెండు దాటగానే ఫోను మోగింది. అతనే. గొంతు ఆఫీసు గొంతు. "ఏమండీ, మా గోడ మీద ఒక గడియారం తప్పు నడుస్తోంది. వచ్చి చూడాలి."

"ఏది? వేకువదా, చీకటిదా?"

"వచ్చి చూడండి."

పెట్టె పట్టుకుని కస్సుబుస్సుమంటూ ఎక్కింది. నాలుగు గడియారాలూ వరసగా చూసింది. నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి. అయిదోది ఉంది.

అయిదోది ఎప్పుడొచ్చింది? దగ్గరకెళ్లింది. చిన్నది, గోధుమరంగు చెక్కది. పోయిన వారం తన కొట్లోంచే ఎవరో ఆఫీసు బంట్రోతు కొనుక్కెళ్లాడు. దాని కింద మిగతావాటిలాగే పేరు రాసి ఉంది. ఈ పేరు మాత్రం తెలుగులో, ఆమె చదవగలిగేలా, పెద్ద అక్షరాలతో: 'గడియారాల కొట్టు. తెరిచేది తొమ్మిదికి. భోజన విరామం ఒంటిగంట నుంచి ఒకటిన్నర. ఆదివారం సెలవు.'

మేనేజరు దాటుకుని పోతూ, "నేనూ అడిగానమ్మా, ఇదే దేశమయ్యా అని. ఎదురుగా ఉన్నదేనట," అని నవ్వుకుంటూ కేబిన్ తలుపేసుకున్నాడు.

ఆమె చేతి గడియారం చూసుకుంది. పన్నెండు ఇరవై. గోడ మీద ఒకటి ఇరవై. నిమిషాల ముల్లు చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. మూడుసార్లు చూసింది.

గంటబాబు వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరగకుండానే అంది, "సరిగ్గా గంట తప్పింది."

"అవునండి."

"పాడైన గడియారం సరిగ్గా గంట తప్పదు."

"తప్పదండి."

"అయితే ఎవరో కావాలని జరిపారు."

"కావాలనే," అన్నాడు గంటబాబు. ఆఫీసు గొంతు ఎక్కడో జారిపోయింది. "మామూలుగా పిలిస్తే వస్తారో రారో అని. నా లిస్టు వల్ల మీ కొట్టు పోయేది. ఆ తర్వాత ఊరికే టీ పట్టుకుని రావడానికి మొహం చెల్లలేదు. ఈ గోడ మీది దేశాలన్నీ ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో చూసుకోవడం నా ఉద్యోగం. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది మాత్రం ఈ ఒక్క కొట్టు వేళలే. రోజూ. బతికున్నన్నాళ్లూ."

ఆమె కుర్చీ లాక్కుని ఎక్కి, అద్దం తెరిచి, గంటల ముల్లుని ఒక్క వేలితో వెనక్కి తిప్పింది. పన్నెండు ఇరవై రెండు.

"ఇకమీదట పిలవడానికి గడియారాలు చెడగొట్టక్కర్లేదు," అంది దిగుతూ. "నోటితో పిలువు. వస్తాను."

'పిలువు' అన్న మాట విని అతను చేయి పట్టుకుని దింపబోయి, కుర్చీనే పట్టుకుని నిలబడిపోయాడు. చివరికి చేయే పట్టుకున్నాడు. ఆమె వేళ్లకి నూనె ఉంది, అతని చొక్కా మళ్లీ తెల్లది. ఇద్దరూ పట్టించుకోలేదు.

కిటికీ అవతల, వీధికి ఆ పక్కన, తన సొంత గది గుమ్మంలో తాతయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో ఏమో. రెండు చేతులూ నోటికి దోసిలిలా పెట్టి, వీధి వీధంతా వినేలా అరిచాడు.

"లోలకం! చూసింది చాలు, మార్కెట్ మూసేయండి! భోజనం వేళవుతోంది, ఇద్దరూ కిందికి రండి! ముగ్గురికీ వండాను!"